విదేశాల నుంచి ఆయుర్వేద, హెర్బల్ మందులు తెప్పించి ఆస్ట్రేలియాలో అమ్మాలంటే: మొదటి నుంచి చివరిదాకా

"ఇండియా నుంచి ఆయుర్వేద మాత్రలు తెప్పించి ఇక్కడ అమ్మొచ్చా? ఏమేం పేపర్లు కావాలి?" ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే కంపెనీతో బేరం కుదుర్చుకుని, అడ్వాన్సు కూడా ఇచ్చేసి ఉంటారు. చిక్కంతా అక్కడే. ఈ వ్యాపారంలో సరుకు ఆర్డర్ పెట్టడం చివర్లో చేయాల్సిన పని. అంతకు ముందు ఏమేం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ఆయుర్వేద, హెర్బల్, చైనా సంప్రదాయ మందులు, విటమిన్లు, ఖనిజాలు, హోమియో, అరోమాథెరపీ నూనెలు అన్నిటినీ ఆస్ట్రేలియాలో కలిపి కాంప్లిమెంటరీ మెడిసిన్స్ అంటారు. 1989 నాటి థెరప్యూటిక్ గూడ్స్ చట్టం కింద వీటిని చూసే ప్రభుత్వ సంస్థ టీజీఏ (థెరప్యూటిక్ గూడ్స్ అడ్మినిస్ట్రేషన్). అమ్మకానికి అనుమతి ఉన్న మందులన్నీ ఏఆర్‌టీజీ (ఆస్ట్రేలియన్ రిజిస్టర్ ఆఫ్ థెరప్యూటిక్ గూడ్స్) అనే రిజిస్టర్‌లో ఉంటాయి. అందులో లేని మందును అమ్మడమే కాదు, అమ్మడానికి దిగుమతి చేసుకోవడం కూడా నేరమే. చట్టంలో ప్రత్యేకంగా మినహాయించిన కొన్నిటికి మాత్రం ఇది వర్తించదు.

మందుకు చట్టం ముందు జవాబుదారీ అయిన వ్యక్తిని లేదా కంపెనీని స్పాన్సర్ అంటారు. స్పాన్సర్ ఆస్ట్రేలియాలో నివసించాలి, లేదా ఇక్కడ వ్యాపారం చేస్తుండాలి. మీరు తెప్పిస్తే స్పాన్సర్ మీరే. తయారుచేసిన కంపెనీ ఎంత పేరున్నదైనా ఆ బాధ్యత దాని మీదికి పోదు.

1. అసలు మీరే తెప్పించాలా?

మీరు అమ్మాలనుకునే బ్రాండ్‌కు ఆస్ట్రేలియాలో ఇప్పటికే స్పాన్సర్ ఉన్నారేమో ఏఆర్‌టీజీలో వెతకండి. టీజీఏ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. ఉంటే వాళ్ల దగ్గర హోల్‌సేల్‌గా కొని అమ్ముకోవడం ఉత్తమం. లిస్టింగ్ (ఆ రిజిస్టర్‌లో నమోదు), ఫ్యాక్టరీ పేపర్లు, రీకాల్ (లోపమున్న సరుకును వెనక్కి రప్పించడం) బాధ్యత అన్నీ వాళ్లు చూసుకుంటారు.

ఒక జాగ్రత్త. "అదే మందు, అదే కంపెనీ, వేరేవాళ్ల పేరున లిస్టింగ్ ఉంది కదా, నేనూ నేరుగా తెప్పిస్తాను" అంటే కుదరదు. లిస్టింగ్ స్పాన్సర్‌ను బట్టి ఉంటుంది. మీరు తెప్పించే సరుకుకు మీ పేరున లిస్టింగ్ కావాలి.

సొంత వాడకానికి మూడు నెలలకు సరిపడా మందు తెచ్చుకునే వెసులుబాటు ఉంది. అలా తెచ్చుకున్నది అమ్మకూడదు, మీ ఇంట్లోవాళ్లకు తప్ప ఇంకొకరికి ఇవ్వకూడదు. సూట్‌కేసులో తెచ్చి కమ్యూనిటీ గ్రూపుల్లో అమ్మేవాళ్లు ఈ నియమాన్నే మీరుతున్నారు.

2. అది మందా, ఆహారమా?

మాత్ర, క్యాప్సూల్ రూపంలో ఉండి, ఒంటికి ఫలానా మేలు చేస్తుందని చెప్పి అమ్మేది దాదాపుగా మందు కిందికే వస్తుంది. పొడులు, టీలు, లేహ్యాల దగ్గరే సందేహం. వాటిలో ఏముంది, ఎలా వాడమంటున్నారు, ఏం చెప్పి అమ్ముతున్నారు అన్నవి కలిపి చూడాలి. టీజీఏ వెబ్‌సైట్‌లో ఆహారం–మందు సరిహద్దు తేల్చుకునే ప్రశ్నావళి ఉంది. దాన్ని పూర్తి చేసి, వచ్చిన జవాబును ఫైల్లో పెట్టుకోండి.

వ్యాయామం చేసేవాళ్ల కోసమంటూ అమ్మే స్పోర్ట్స్ సప్లిమెంట్లు మాత్ర, క్యాప్సూల్ రూపంలో ఉంటే 2023 నవంబరు 30 నుంచి వాటినీ మందులుగానే చూస్తున్నారు.

3. ఏ దారిలో వెళ్లాలి?

మూడు దారులున్నాయి. ముందే ఆమోదం పొందిన పదార్థాలతో, చిన్నపాటి ఆరోగ్య ప్రయోజనాలు చెప్పుకునేవి ఆస్ట్ ఎల్ (AUST L) నంబరుతో లిస్ట్ అవుతాయి. కాస్త పెద్ద ప్రయోజనం చెప్పాలంటే ఆస్ట్ ఎల్‌ఏ దారి ఉంది. 2018లో వచ్చిన ఈ దారిలో మందు పనిచేస్తుందనే ఆధారాలను టీజీఏ ముందే పరిశీలిస్తుంది. మూడోది ఆస్ట్ ఆర్. నాణ్యత, భద్రత, ప్రభావం అన్నిటి మీదా పూర్తి మూల్యాంకనం జరుగుతుంది.

కొత్తగా దిగేవాళ్లకు ఆస్ట్ ఎల్ ఒక్కటే ఆచరణ సాధ్యం. ఇక్కడి నుంచి ఆ దారి గురించే చెబుతాను.

4. ఫార్ములా వడపోత

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇదే. లిస్టెడ్ మందులో వాడదగిన పదార్థాలన్నీ పర్మిసిబుల్ ఇంగ్రీడియెంట్స్ డిటర్మినేషన్ అనే చట్టబద్ధమైన జాబితాలో ఉంటాయి. జాబితాలో లేనిది ఒక్కటున్నా మొత్తం మందు ఆగిపోతుంది. మందు దినుసులతో పాటు రంగు, పూత, క్యాప్సూల్ పెంకు కూడా అందులో ఉండాలి. ఈ జాబితాను ఏడాదిలో పలుసార్లు సవరిస్తారు కాబట్టి, చూసిన ప్రతి తేదీ రాసి పెట్టుకోండి.

ఒక ఉదాహరణ చూద్దాం. జ్ఞాపకశక్తికని అమ్మే మాత్ర ఒకటి ఉందనుకోండి. డబ్బా మీద నాలుగే పేర్లు: బ్రాహ్మి, అశ్వగంధ, జటామాంసి, వస.

బ్రాహ్మి అంటే ఏ మొక్క? బకోపా మొన్నియెరి కావచ్చు, మనం సరస్వతి ఆకు అనే సెంటెల్లా ఏసియాటికా కావచ్చు. రెండింటినీ బ్రాహ్మి అనే పిలుస్తారు. తయారీదారు దగ్గర శాస్త్రీయ నామం, మొక్కలో ఏ భాగం, పొడా సారమా, సారమైతే ఏ ద్రావకంతో తీశారు, ఎంత నిష్పత్తిలో తీశారు అన్నీ రాతపూర్వకంగా తీసుకోవాలి.

అశ్వగంధ జాబితాలో ఉంది. అయితే పేరు కనిపించగానే పని అయిపోయిందనుకోకండి. ప్రతి పదార్థం ఎదురుగా ఉండే షరతుల గడి చదవాలి. మోతాదు పరిమితి, లేబుల్ మీద వేయాల్సిన హెచ్చరిక, ఫలానా వయసువాళ్లకు వద్దనే నియమం అన్నీ ఆ గడిలోనే ఉంటాయి.

జటామాంసి విషయంలో ఇంకో శాఖ ముందుకొస్తుంది. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో అది ఉంది. దాని అనుమతుల సంగతి తొమ్మిదో మెట్టులో చూద్దాం.

ఇక వస. మన ఇళ్లల్లో పసిపిల్లలకు అరగదీసి నాకించే వసకొమ్మే. మందులను, విషపదార్థాలను షెడ్యూళ్లుగా విభజించే ఆస్ట్రేలియా పాయిజన్స్ స్టాండర్డ్‌లో ఇది అకోరస్ కాలమస్ పేరుతో షెడ్యూల్ 10లో ఉంది. అంటే మనుషులకిచ్చే మందుగా అమ్మకూడదు. ఈ మాత్ర కథ ఇక్కడితో ముగిసింది. వస తీసేసి వేరే ఫార్ములాతో చేయించుకోవాలి, లేదా వదిలేయాలి.

ఇండియా మందుల్లో తరచు కనిపించి, ఇక్కడ ఆగిపోయేవి మరికొన్ని:

- గురివింద, అలాగే ఈశ్వరవేరు లాంటి అరిస్టోలోకియా జాతి మొక్కలు: ఇవీ షెడ్యూల్ 10లోనివే. అరిస్టోలోకియా మొక్కల్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది.
- సర్పగంధ: ప్రిస్క్రిప్షన్ మందు.
- వత్సనాభి, విషముష్టి: విషపదార్థాల షెడ్యూళ్లలో ఉన్నవి. ఆస్ట్ ఎల్ దారికి పనికిరావు.
- పాదరసం, సీసం, ఆర్సెనిక్ ఉన్న భస్మాలు, రసౌషధాలు: శుద్ధి చేశామన్న మాట ఇక్కడ చెల్లదు. సీసం ఉన్న ఆయుర్వేద మందులు వాడి జబ్బుపడినవాళ్ల గురించి ఆస్ట్రేలియా ఆరోగ్య శాఖలు హెచ్చరికలు ఇచ్చాయి. ఈ కోవకు చెందినదేదీ తెప్పించకండి.
- మెలటోనిన్: అమెరికాలో సప్లిమెంటుగా అందరికీ దొరుకుతుంది. ఇక్కడ షెడ్యూల్ మందు.

జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. నేలవేము ఉన్న మందులకు అలర్జీ హెచ్చరిక తప్పనిసరి. పసుపు, కర్క్యుమిన్ ఉన్న మందులతో కాలేయం దెబ్బతినవచ్చని టీజీఏ 2023లో హెచ్చరించింది. మన వంటింటి దినుసే కదా అనుకుంటాం. కూరలో చిటికెడు వేసుకోవడం వేరు, గాఢమైన సారాన్ని రోజూ మాత్రగా మింగడం వేరు.

చెక్‌లిస్టు:

- పూర్తి ఫార్ములా, పరిమాణాలతో, తయారీదారు సంతకంతో
- ప్రతి మొక్కకూ శాస్త్రీయ నామం, భాగం, తయారీ విధానం
- ప్రతి పదార్థం పర్మిసిబుల్ జాబితాలో ఉందన్న రుజువు, షరతులతో సహా
- పాయిజన్స్ స్టాండర్డ్‌లో వెతికిన ఫలితం
- సైటీస్ జాబితాలో వెతికిన ఫలితం

5. ఫ్యాక్టరీ పేపర్లు

చాలామంది ఆశలు తలకిందులయ్యేది ఇక్కడే. విదేశీ ఫ్యాక్టరీకి టీజీఏ ఇచ్చే జీఎంపీ (మంచి తయారీ పద్ధతుల) క్లియరెన్స్ ఉండాలి. దరఖాస్తు పెట్టుకోవాల్సింది స్పాన్సర్. అది లేకుండా లిస్టింగ్ రాదు.

"మా దగ్గర జీఎంపీ సర్టిఫికెట్ ఉంది సార్" అని తయారీదారు పీడీఎఫ్ పంపిస్తాడు. అది ఎవరిచ్చిందో చూడండి. ఇండియాలో ఆయుష్ కింద ఆయుర్వేద ఫ్యాక్టరీకి వచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే ఇక్కడ సరిపోదు. టీజీఏకు పిక్స్ (మందుల ఫ్యాక్టరీలను తనిఖీ చేసే సంస్థల అంతర్జాతీయ కూటమి) ప్రమాణాల ప్రకారం తయారవుతోందన్న ఆధారం కావాలి. అది మూడు రకాలుగా దొరుకుతుంది: ఆస్ట్రేలియాతో పరస్పర గుర్తింపు ఒప్పందం ఉన్న దేశపు నియంత్రణ సంస్థ సర్టిఫికెట్, టీజీఏ అంగీకరించే మరో సంస్థ చేసిన తనిఖీ నివేదికతో పాటు ఫ్యాక్టరీ పత్రాల పరిశీలన, ఈ రెండూ లేకపోతే టీజీఏ ఇన్‌స్పెక్టర్లే స్వయంగా వెళ్లి చేసే తనిఖీ. మూడోదానికి ఖర్చు టీజీఏ భరించదు, నెలల తరబడి పడుతుంది.

క్లియరెన్స్ ఫలానా చిరునామాకు, ఫలానా రకం తయారీకి మాత్రమే చెల్లుతుంది. క్యాప్సూళ్లకు ఉన్నది సిరప్‌కు పనికిరాదు. ఒక యూనిట్‌లో మాత్ర చేసి, ఇంకో యూనిట్‌లో ప్యాకింగ్ చేసి, మూడో చోట పరీక్ష చేస్తుంటే మూడింటికీ ఆధారాలు కావాలి. గడువు తేదీ ఉంటుంది, తీరకముందే పొడిగించుకోవాలి.

నా సలహా: బ్రాండ్ వెంట పడకండి, ఫ్యాక్టరీ వెంట పడండి. ఆస్ట్రేలియా స్పాన్సర్లకు ఇప్పటికే సరుకు పంపుతున్న కాంట్రాక్ట్ తయారీదారును పట్టుకుంటే సగం పని అయినట్టే. అలాంటివాళ్లు దొరక్కపోతే, ముడి మూలిక లేదా సారం తెప్పించి టీజీఏ లైసెన్స్ ఉన్న ఆస్ట్రేలియా ఫ్యాక్టరీలో మాత్రలు చేయించండి. ఒక్కో డబ్బాకు ఖర్చు ఎక్కువే అవుతుంది, కానీ తనిఖీ భారం మీ మీద పడదు.

తయారీదారు నుంచి తీసుకోవాల్సినవి:

- మీకూ వాళ్లకూ మధ్య నాణ్యత ఒప్పందం: ఏ పరీక్ష ఎవరు చేస్తారు, బ్యాచ్ ఎవరు విడుదల చేస్తారు, ఫిర్యాదు వస్తే ఎవరు చూస్తారు
- పూర్తయిన మందు ప్రమాణపత్రం, బ్యాచ్‌వారీ పరీక్షా ఫలితాలు
- భార లోహాలు, సూక్ష్మజీవులు, పురుగుమందుల అవశేషాల పరీక్షలు
- ఎక్స్‌పైరీ తేదీకి ఆధారమైన స్టెబిలిటీ పరీక్షల వివరాలు

మాత్రలు, క్యాప్సూళ్లకు టీజీఓ (థెరప్యూటిక్ గూడ్స్ ఆర్డర్) 101, సూక్ష్మజీవుల పరిమితులకు టీజీఓ 100 ప్రమాణాలు వర్తిస్తాయి. వీటిని తయారీదారు ల్యాబ్‌కు ముందే పంపి, "ఈ పద్ధతుల్లో పరీక్షించగలరా?" అని రాతపూర్వకంగా అడగండి. తటపటాయించే ల్యాబ్‌తో ముందుకు వెళ్లకండి.

6. మందు గురించి ఏం చెప్పొచ్చు?

మీకు తోచిన వాక్యం రాయడానికి వీల్లేదు. అనుమతించిన ప్రయోజనాల జాబితా ఉంది, అందులోంచే ఎంచుకోవాలి. షుగర్ తగ్గిస్తుంది, క్యాన్సర్ నయం చేస్తుంది, థైరాయిడ్ సరిచేస్తుంది లాంటివి లిస్టెడ్ మందు మీద రాయకూడదు. లేబుల్‌తో పాటు వెబ్‌సైట్‌కూ, వాట్సాప్ మెసేజ్‌కూ ఇదే నియమం.

ఎంచుకున్న ప్రతి ప్రయోజనానికీ లిస్టింగ్ రోజుకే ఆధారం మీ చేతిలో ఉండాలి. తర్వాత వెతుక్కోవడం కుదరదు. ఆధారాలు రెండు రకాలు: శాస్త్రీయ అధ్యయనాలు, సంప్రదాయ వాడకం. సంప్రదాయం అనాలంటే 75 ఏళ్లకు పైగా, అంటే మూడు తరాలుగా వాడుకలో ఉండాలి. లేబుల్ మీద కూడా ఆయుర్వేద సంప్రదాయంలో ఇందుకు వాడతారని స్పష్టంగా చెప్పాలి.

ఇక్కడ జనం తప్పు చేసే చోటొకటుంది. ప్రామాణిక గ్రంథంలో వేరును కషాయంగా ఇమ్మని ఉంటే, ఆకు నుంచి ఆల్కహాల్‌తో తీసిన సారానికి ఆ ఆధారం పనికిరాదు. మొక్క, భాగం, తయారీ, మోతాదు నాలుగూ కలవాలి.

7. లేబుల్

లేబుల్ నియమాలున్న టీజీఓ 92 చదవకుండా డిజైనర్‌కు పని ఇవ్వకండి. ఇండియా డబ్బాను అలాగే తెచ్చి మీద స్టిక్కర్ అంటించడం దాదాపు ఎప్పుడూ సరిపోదు, ఎందుకంటే పాత డబ్బా మీదున్న వాక్యాలే ఇక్కడ తప్పవుతాయి.

- మందు పేరు, రూపం, పరిమాణం
- ప్రతి క్రియాశీల పదార్థం పేరు, మోతాదు
- ఆస్ట్ ఎల్ నంబరు
- వాడే విధానం, ప్రయోజనం
- బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, నిల్వ ఉష్ణోగ్రత
- స్పాన్సర్ పేరు, సంప్రదించే వివరాలు
- తప్పనిసరి హెచ్చరికలు, గ్లూటెన్, పాలు, సోయా లాంటి అలర్జీ కారకాలు
- అక్షరాల కనీస ఎత్తు 1.5 మిల్లీమీటర్లు

వివరాలు ఇంగ్లిష్‌లో ఉండాలి. చిన్న సీసా అయితే అక్షరాల ఎత్తును ప్రింట్ తీసి స్కేలుతో కొలవండి. కంప్యూటర్ తెర మీద పెద్దగా చేసి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

8. లిస్టింగ్ దరఖాస్తు

ముందు కంపెనీ పెట్టి, ఏబీఎన్ (ఆస్ట్రేలియన్ బిజినెస్ నంబర్) తీసుకోండి. తర్వాత టీజీఏ బిజినెస్ సర్వీసెస్ పోర్టల్‌లో ఖాతా తెరవండి. జీఎంపీ క్లియరెన్స్ చేతికొచ్చాక దరఖాస్తులో ఫార్ములా, తయారీదారు, ప్రయోజనాలు నింపి, ఫీజు కట్టాలి. తప్పుల్లేకపోతే లిస్టింగ్ త్వరగానే వచ్చేస్తుంది.

అంత త్వరగా వచ్చిందంటే టీజీఏ మందును పరిశీలించి మెచ్చిందని కాదు. దరఖాస్తు చివర మీరు చేసే ధ్రువీకరణ ఆధారంగానే నంబరు ఇస్తారు. పదార్థాలు సరైనవని, ఆధారాలు తన దగ్గర ఉన్నాయని, నాణ్యత ప్రమాణాలు పాటిస్తున్నానని స్పాన్సర్ ధ్రువీకరిస్తారు. తర్వాత ఎప్పుడైనా టీజీఏ ఫైలు అడగొచ్చు. చూపించలేకపోతే లిస్టింగ్ రద్దవుతుంది, రద్దైన సంగతి అందరికీ తెలిసేలా ప్రచురిస్తారు. తప్పుడు ధ్రువీకరణ నేరం కూడా. కన్సల్టెంటు చేత నింపించినా, ప్రతి గడీ మీరే చదివి ఒప్పుకోండి.

9. సరుకు ఓడెక్కే ముందు

టీజీఏ నంబరు వచ్చినంత మాత్రాన సరిహద్దు తెరుచుకోదు. ఇంకా మూడు గేట్లున్నాయి.

బయోసెక్యూరిటీ: మూలికలు, తేనె, నెయ్యి, పాలు, జెలటిన్ లాంటివి ఉంటే వ్యవసాయ శాఖ నియమాలు వర్తిస్తాయి. ఆ శాఖ బైకాన్ డేటాబేస్‌లో ఒక్కో పదార్థం వెతకండి. పర్మిట్ కావాలంటే సరుకు రాకముందే తీసుకోవాలి. చ్యవనప్రాశ లాంటి వాటిలో తేనె, నెయ్యి రెండూ ఉంటాయని మరచిపోకండి.

సైటీస్: జటామాంసి, కటుకరోహిణి, ఎర్రచందనం రెండో అనుబంధంలో ఉన్నాయి. చెంగల్వకోష్టు మొదటి అనుబంధంలోనే ఉంది, అంటే నియంత్రణ ఇంకా కఠినం. ఎగుమతి చేసే దేశం పర్మిట్, ఆస్ట్రేలియా పర్యావరణ శాఖ అనుమతి విషయం తేలకుండా ఈ మొక్కలున్న సరుకు కదిలించకండి. కొత్తవాళ్లయితే వీటిని ఫార్ములాలోంచి తప్పించడమే మేలు.

కస్టమ్స్: 1,000 ఆస్ట్రేలియన్ డాలర్లు దాటిన సరుకుకు ఇంపోర్ట్ డిక్లరేషన్ వేయాలి. సుంకం టారిఫ్ వర్గీకరణను బట్టి ఉంటుంది. 10 శాతం జీఎస్టీని సరుకు విలువ, సుంకం, రవాణా, బీమా కలిపి లెక్కిస్తారు. ఇండియాతో వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉంది. సుంకంలో దాని రాయితీ కావాలంటే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ తప్పనిసరి. మొదటి షిప్‌మెంట్‌కు మందుల దిగుమతిలో అనుభవమున్న కస్టమ్స్ బ్రోకర్‌ను పెట్టుకోండి.

ఇన్‌వాయిస్‌లో "హెర్బల్ పౌడర్" అని పొడిపొడిగా రాయించకండి. మందు పేరు, ఆస్ట్ ఎల్ నంబరు, బ్యాచ్, పరిమాణం ఉండాలి. విలువ తగ్గించి రాయడం, ఆహారమని రాయడం తప్పుడు ప్రకటన కిందికి వస్తాయి.

10. చిక్కులు వచ్చినప్పుడు

*లిస్టింగ్ రాకముందే సరుకు బయల్దేరింది.* ఓడెక్కకపోతే ఆపించండి. ఎక్కితే వెంటనే బ్రోకర్‌తో మాట్లాడి తిప్పి పంపే మార్గం చూడండి. గోడౌన్‌లో దాచి తర్వాత లిస్ట్ చేద్దామనుకోవద్దు.

*తయారీదారు చెప్పకుండా పూత, రంగు, క్యాప్సూల్ పెంకు మార్చాడు.* లిస్టింగ్‌లో ఉన్న ఫార్ములాకు ఇది సరిపోదు. ఆ బ్యాచ్ అమ్మకండి. ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఏదీ మార్చకూడదనే షరతును నాణ్యత ఒప్పందంలో రాయించండి.

*ల్యాబ్ ఫలితంలో సీసం పరిమితి దాటింది.* మళ్లీ మళ్లీ పరీక్షించి అనుకూలమైన ఫలితం వచ్చేదాకా తిప్పకండి. బ్యాచ్ పక్కన పెట్టి కారణం కనుక్కోండి. అప్పటికే కొంత అమ్మి ఉంటే టీజీఏకు చెప్పి రీకాల్ చేయాలి. తిన్నది ఎవరి పిల్లలో, ఎవరి తల్లిదండ్రులో.

*మన గ్రూపుల్లో తెలుగులో ప్రకటన వేశారు.* ఏ భాషలో ఉన్నా ప్రకటన ప్రకటనే. 2021 అడ్వర్టయిజింగ్ కోడ్ ప్రకారం లేబుల్ చదివి, సూచనలు పాటించమనే తప్పనిసరి వాక్యం ఉండాలి. డబ్బో ఉచిత సరుకో పుచ్చుకున్నవాళ్లతో "నాకు తగ్గింది" అని చెప్పించకూడదు.

11. అమ్మకం మొదలయ్యాక

మొదటి లిస్టింగ్ వచ్చిన 15 రోజుల్లో భద్రతా ఫిర్యాదులకు బాధ్యుడెవరో టీజీఏకు తెలపాలి. ఎవరికైనా తీవ్రమైన దుష్ప్రభావం కలిగిందని తెలిస్తే 15 రోజుల్లో నివేదించాలి. పెద్ద భద్రతా సమస్య అయితే 72 గంటల్లోనే. దుకాణంలో కూర్చునే కుర్రాడికి కూడా ఒక పుస్తకం ఇచ్చి, ఫిర్యాదు వస్తే తేదీ, బ్యాచ్ నంబరు, ఏం జరిగింది, ఇంకేం మందులు వాడుతున్నారు అన్నవి రాయడం నేర్పండి. బ్యాచ్ నంబరు లేని ఫిర్యాదుతో ఏ డబ్బాలు వెనక్కి రప్పించాలో తేలదు.

ఏ బ్యాచ్ ఏ దుకాణానికి ఎన్ని వెళ్లాయో లెక్క రాసుకోండి. పర్మిసిబుల్ జాబితా మారినప్పుడల్లా మీ ఫార్ములాతో పోల్చి చూడండి. వార్షిక ఛార్జీ ఏటా వస్తుంది. లిస్ట్ అయినా ఇంకా ఒక్కసారి కూడా అమ్మని మందుకు మినహాయింపు కావాలంటే జూలైలో పోర్టల్‌లో ఆ సంగతి ప్రకటించాలి. గడువు దాటితే ఛార్జీ కట్టాల్సిందే, కాబట్టి ఆ తేదీని ఇప్పుడే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.